మూడు చెంచాలు

పక్కింటి రష్యా మామ్మగారు నన్ను చూస్తూనే తిట్టింది. భాష రాకపోయినా అది తిట్టేనని తెలిసిపోయింది. వాళ్ళ గుమ్మంలో చెప్పులు విడిచి, బుద్ధిమంతురాలిలా ఉత్తి కాళ్ళతో లోపలికి అడుగుపెట్టాను. ఆవిడ నా పాదాల వంక చూసి, కడుపు వంక చూసి, రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచి, తలుపు వెనక అరలోంచి ఉన్ని చెప్పుల జత తీసి నా ముందు పడేసింది. వచ్చేపోయేవాళ్ళ కోసం ఆ ఇంట్లో అలాంటివి అరడజను జతలుండేవి. వీధి చెప్పులు విడవాలి, ఇంటి చెప్పులు తొడగాలి. మళ్ళీ తొడుక్కోవడానికే అయితే విడవడం దేనికని సాయంత్రం మా ఆయన్ని అడిగాను. "వాళ్ళ పద్ధతి వాళ్ళది, వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నారు.

డెబ్భై తొమ్మిది చలికాలం అది. మేం ఇండియా నుంచి పార్సిప్పనీ అనే ఈ ఊరికొచ్చి ఏడాదయింది. నాకు అయిదో నెల. ఆయన కార్ తీసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో నేనూ, కిటికీ అవతల మంచూ. నాకు డ్రైవింగ్ రాదు. వచ్చినా ఎవరింటికి వెళ్ళను? అందుకని చెప్పుల సంగతి ఎలా ఉన్నా రోజూ ఆ పక్కింటి తలుపే తట్టేదాన్ని.

ఆ ఇంట్లో ముగ్గురు: మామ్మగారు, కూతురు, అల్లుడు. అల్లుడు యూదుడు కాబట్టి దేశం వదలడానికి అనుమతి దొరికిందట. మామ్మగారు మాత్రం క్రైస్తవురాలు. వంటింటి మూల చిన్న పటం, దాని ముందు దీపం పెట్టుకుంది. కూతురు అక్కడ వంతెనలు కట్టే ఇంజనీరు. ఇక్కడ ఒక ఆఫీసులో ఇంకొకరి వంతెనలకి గీతలు గీసేది. పగలు ఇంట్లో ఉండేది మామ్మగారొక్కతే. ఆవిడకు ఇంగ్లీషులో మూడు మాటలొచ్చు: ఓకే, నో, కోల్డ్. నాకు ఇంగ్లీషు వచ్చు గానీ నోరు పెగలదు. ఇద్దరికీ మధ్య సంభాషణ అంతా చేతులతోనే. నేను తెలుగులో, ఆవిడ రష్యన్‌లో ధారాళంగా మాట్లాడుకునేవాళ్ళం. అర్థం చేసుకోవలసిన అవసరం ఇద్దరిలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆ వంటిల్లు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. పాలు విరగ్గొట్టి గుడ్డలో మూటకట్టి పంపుకి వేలాడదీసేది. ప్లాస్టిక్ సంచులు కడిగి తాడు మీద ఆరేసేది. జాడీలు, సీసాలు ఏవీ పారెయ్యదు. దోసకాయలు ఉప్పునీళ్ళలో ఊరేసి బల్ల కింద వరసగా పెట్టేది. టీ గ్లాసులో పోసి, పక్కన చిన్న పళ్ళెంలో చెర్రీ జామ్ పెట్టేది, చెంచాతో తింటూ టీ తాగాలి. గోడకి తివాచీ ఎందుకు కొట్టారో మాత్రం నాకు ఈనాటికీ తెలీదు. కింద పరుచుకునేది గోడకెక్కిస్తే కిందేం పరుస్తారు?

పద్ధతులు చూస్తే మరీ ఆశ్చర్యం. ఒకసారి గుమ్మం బయట నిలబడి పులిహోర గిన్నె అందించబోతే, ఆవిడ అందుకోకుండా నా మోచెయ్యి పట్టి లోపలికి లాగి, అప్పుడు తీసుకుంది. గడప మీద ఇచ్చిపుచ్చుకోకూడదని మా ఇంట్లో నేర్పినట్టే! గిన్నె ఖాళీగా తిరిగివ్వదు, మనమూ ఇవ్వం. ఎవరైనా నా కడుపు చూసి ముచ్చటపడితే ఎడమ భుజం వైపు తిరిగి మూడుసార్లు తూ తూ తూ అనేది. దిష్టి! ఇంకేముంది, ఈవిడ మన మనిషే అనుకున్నాను. భాష రాకపోతే ఏం, ఈ ఇంట్లో ఏం జరిగినా నాకు తెలిసిపోతుందని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

తెలియదని తెలుసుకోవడానికి ఓ అవకాశం వచ్చింది కూడా. కూతురు ఆఫీస్ పని మీద ఊరెళ్తూ కోటు తొడుక్కుని, పెట్టె గుమ్మం దగ్గర పెట్టింది. అంతలో ముగ్గురూ ఉన్నపాటున కూర్చుండిపోయారు. కూతురు పెట్టె మీదే కూర్చుంది. ఎవరూ మాట్లాడరు. నాకు వెంటనే అర్థమైపోయింది: ఎవరో తుమ్మారు! నేను వినలేదు గానీ తుమ్మే ఉంటారు. గబగబా వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఆ అమ్మాయి తెల్లబోయి నా మొహం చూసి, సరే పాపం అని తాగింది. తిరిగొచ్చాక చెప్పింది, ప్రయాణానికి ముందు ఎప్పుడూ అలా నిమిషం సేపు కూర్చుంటారట. తుమ్ముతో పని లేదట. నవ్వుకున్నాం. నేర్చుకోవలసింది మాత్రం నేర్చుకోలేదు.

ఇవన్నీ అక్కకి రాసేదాన్ని. అక్కంటే నాకు అక్క కాదు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకి పదహారు. నాకు జడ వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, లెక్కలు రాకపోతే వీపు చిట్లగొట్టిందీ అక్కే. పెళ్ళయి, బళ్ళో టీచరై, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా నేను ఆవిడ పెద్ద కూతురినే. పదిహేను రోజులకో నీలం ఏరోగ్రాం వచ్చేది, అంచుల దాకా చీమల బారులా రాసి. "మీ రష్యా మామ్మని జాగ్రత్తగా చూడు, పోయిన జన్మలో మన గోదావరి మనిషయ్యుంటుంది. ఊరగాయలు పట్టే చెయ్యి ఊరికే రాదు" అని రాసింది ఒకసారి. ఆఖరి ఉత్తరంలో ఇలా రాసింది: "బిడ్డకి పేరు నేను పంపిస్తాను. ఆడపిల్లకొకటి, మగపిల్లాడికొకటి. ఇంకా తేల్చుకోలేదు. నా పేరు వచ్చేదాకా మీ ఆయన తొందరపడి ఏదో ఒకటి పెట్టెయ్యకుండా చూసుకో."

మార్చి వచ్చింది. ఉత్తరం రాలేదు. కిందకి దిగి పోస్ట్ బాక్స్ చూడటం, ఆయాసపడుతూ ఎక్కడం. రెండు వారాలు దాటేసరికి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

"ఆఫీస్‌కి ఫోన్ వచ్చింది" అన్నారు మా ఆయన ఓ సాయంత్రం, బూట్లు విప్పుకుంటూ. "మెట్ల మీద జారి అక్క కుడిచెయ్యి బెణికిందిట. కొన్నాళ్ళు రాయలేదు."

"బావ రాయొచ్చుగా? పిల్లలు రాయొచ్చుగా?"

"పరీక్షలుట. నువ్వు కంగారుపడకు, బీపీ పెరుగుతుందని డాక్టర్ చెప్పాడు కదా."

చెయ్యికి ఉప్పు కాపడం పెట్టుకోమని, ఆముదం రాసి కట్టు కట్టుకోమని ఆ రాత్రే అక్కకి రాశాను. "పేరు మాత్రం పిల్లల చేత రాయించి పంపు" అని అడుగున గీత గీశాను. పొద్దున్నే ఆయన జేబులో పెట్టుకుని పోస్ట్ చేస్తానన్నారు. అదే వారం అల్మరాలో ఉన్న అక్క ఫోటో తీసుకుని, ఫ్రేమ్ కట్టిస్తానన్నారు. నేనడగకుండా ఈయన నా పనులు చెయ్యడం ఇదేమిటా అని వింతపడ్డాను. అంతకు మించి ఆలోచన పోలేదు.

ఆ తర్వాత మూడు నాలుగు రోజులకి, పొద్దున పదింటప్పుడు మామ్మగారు వచ్చింది. ఎప్పుడూ కట్టే పూల రుమాలు కాకుండా తలకి నల్లది కట్టుకుంది. చేతిలో నీలం అంచు పింగాణీ గిన్నె. లోపల ఉడికించిన గోధుమలు, తేనె, కిస్మిస్, గసగసాలు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెంచా ఇచ్చి, మూడు వేళ్ళు చూపించింది. మూడు చెంచాలు తినమని. నేను తింటున్నంతసేపూ తాను నిలబడే ఉంది, పెదాలు కదుపుతూ. తియ్యగా, వెచ్చగా ఉన్నాయి గోధుమలు. నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఓహో, ఇది వీళ్ళ సీమంతం అన్నమాట అనుకున్నాను. ఎంత మంచి మనిషి, పుట్టింటివాళ్ళు లేరని తానే చేస్తోంది అనుకుని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కళ్ళలోనూ ఉన్నాయి. "స్పసీబ" అన్నాను, అంటే థాంక్యూ. నాకొచ్చిన ఒకే ఒక్క రష్యన్ మాట.

ఆవిడ ఉలిక్కిపడి అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. "నో. నో." అని, గిన్నె అక్కడే వదిలేసి, వెళ్తున్నానని సైగ అయినా చెయ్యకుండా వెళ్ళిపోయింది.

నేను బిత్తరపోయాను. ఏం తప్పు చేశాను? మూడు చెంచాలే తినమంటే నాలుగు తిన్నానా? ఎలాగైనా సరిచెయ్యాలని ఆ మధ్యాహ్నమే రవ్వలడ్లు చుట్టి, గిన్నె కడిగి అందులో సర్ది, సీమంతం జరిగినదాన్ని కదా అని ఎర్ర పట్టుచీర కట్టి, రూపాయంత బొట్టు పెట్టి, వాళ్ళ తలుపు తట్టాను. మామ్మగారు నన్నలా చూసి కళ్ళు మూసుకుంది. లడ్లు తీసుకుంది. కానీ కిటికీలోంచి చూస్తే, కోటు వేసుకుని కిందకి దిగి, బడినుంచి వస్తున్న పిల్లలకి ఒక్కొక్కటి పంచిపెట్టేస్తోంది. ఒక్కటి కూడా దాచుకోలేదు. రుచైనా చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆయనకు చెప్పాను, మామ్మగారు సీమంతం చేసిందండీ అని. ఆయన అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపారు. "మంచిదే" అని, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు. ఆకలి లేదట. అక్కకి ఉత్తరం రాశాను: "అక్కా, మనలాగే వీళ్ళకీ సీమంతం ఉంది. గోధుమలతో చేస్తారు. నువ్వుంటే బాగుండుననిపించింది."

ఆనాటి నుంచి ఆ ఇల్లు మారిపోయింది. సరాసరి వంటింట్లోకి తీసుకెళ్ళే మనిషి, నన్ను ముందుగదిలోనే ఆపేసి, వంటింటి తలుపు దగ్గరగా వేసేది. మైలపడ్డదాన్ని దూరంగా కూర్చోబెట్టినట్టు! టీ అక్కడికే వచ్చేది. జామ్ రెట్టింపు వచ్చేది. నా జుట్టు నిమిరేది. ప్రేమా, దూరమా తేల్చుకోలేక నాకు పిచ్చెక్కింది. ఉత్తరం రాదు, ఈవిడ వంటింట్లోకి రానివ్వదు, ఆయన నా మొహం చూడరు. అందరికీ కలిపి నేనేదో అపరాధం చేసినట్టుంది, అదేమిటో చెప్పేవాడు లేడు.

ఏప్రిల్‌లో పాప పుట్టింది. హాస్పిటల్లో ఫారం పట్టుకుని ఒకావిడ రోజుకి రెండుసార్లు వచ్చేది, పేరేమిటని. ఆయన నాలుగు పేర్లు చెప్పి చూశారు.

"అక్క చెప్పందే పేరు లేదు" అన్నాను.

"తర్వాత మార్చుకోవచ్చులే, ఇప్పటికి ఏదో ఒకటి..."

"ఏదో ఒకటి పెట్టడానికి కుక్కపిల్లా? ఇండియాకి కాల్ బుక్ చెయ్యండి. చెయ్యి బెణికితే నోరు కూడా బెణికిందా మా అక్కకి?"

పాప పేరు లేకుండానే ఇంటికొచ్చింది.

పదకొండో రోజు పురిటిస్నానం చేసి, ఆ వేళే బారసాల పెడదామన్నాను. ఇరవయ్యొకటో రోజు చేద్దామని ఆయన నసిగారు. నేను వినలేదు. పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పళ్ళెంలో బియ్యం పోసి పెట్టుకున్నాను. "లైన్ దొరికేదాకా ట్రై చెయ్యండి. అక్క చెప్పిన పేరే ఈ బియ్యంలో రాయాలి" అన్నాను. ఆయన ఫోన్ పక్కన కూర్చున్నారు, దాన్ని ముట్టుకోకుండా.

తలుపు చప్పుడైంది. పక్కింటివాళ్ళే, మేం పిలిచిన ఒకే ఒక్క అతిథులు. కూతురు ముందు, మామ్మగారు వెనక. మామ్మగారికి మళ్ళీ తలకి నల్ల రుమాలు, చేతిలో మళ్ళీ అదే గిన్నె, అవే గోధుమలు. పాప వంక చూడనైనా చూడలేదు. నా ఎదురుగా నిలబడి, గిన్నె చాచి, మూడు వేళ్ళు చూపించి భోరున ఏడ్చింది.

అప్పటిదాకా మింగిందంతా ఒక్కసారిగా పైకొచ్చింది నాకు. "శుభమా అని పిల్లకి పేరు పెడుతుంటే ఈ ఏడుపేమిటండీ! నాకొద్దు. తీసుకెళ్ళిపొమ్మనండి!" అని గిన్నె తోసేశాను. నాలుగు గోధుమలు బియ్యం పళ్ళెంలో పడ్డాయి.

నా తెలుగు వాళ్ళకి రాకపోయినా, గిన్నె తొయ్యడానికి భాష అక్కర్లేదు. కూతురు మా ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో అంది: "పురుడయ్యేదాకా చెప్పనని మా అమ్మ మీకు మాటిచ్చింది. నిలబెట్టుకుంది. ఈ రోజు నలభయ్యో రోజు. ఇంక ఆగకూడదంటోంది."

"నలభయ్యేమిటి? పిల్ల పుట్టి పదకొండు రోజులేగా!" అన్నాను నేను.

మా ఆయన లేచి వచ్చి, మామ్మగారి చేతిలో గిన్నె అందుకుని, ఒక చెంచా తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది నోట్లో ఉండగానే వెక్కిళ్ళొచ్చాయి. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇవి అక్క పేరు మీద వండినవి" అన్నారు. "ఆ వేళ నువ్వు తిన్నవీ అంతే. కామెర్లు ముదిరి వారం రోజుల్లో పోయింది. టెలిగ్రాం ఆఫీస్‌కి వచ్చింది. ఎనిమిదో నెల, నీకా బీపీ... ఎలా చెప్పను? పగలు నిన్నెవరైనా కనిపెట్టుకుని ఉండాలని వీళ్ళకొక్కళ్ళకే చెప్పాను."

"మరి చెయ్యి?" అన్నాను. "అక్క చెయ్యి బెణకలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు చాలాసేపు ఆ చెయ్యి ఒక్కటే బుర్రలో తిరిగింది. ఉప్పు కాపడం, ఆముదం. నేను రాసిన అయిదు ఉత్తరాలూ కార్ డాష్‌బోర్డ్ అరలో ఉన్నాయని ఆయనే చెప్పారు. చింపడానికి చేతులు రాలేదట. చావింటికి వెళ్తే వెళ్ళొస్తామని చెప్పకూడదన్నది నాకు అక్క నేర్పిందే. ఆ వేళ మామ్మగారు చెప్పకుండా వెళ్ళిపోతే, అదైనా తట్టలేదు నాకు. పట్టుచీర కట్టుకున్నాను. లడ్లు చుట్టాను.

కూతురు నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. మనిషి పోయిన తొమ్మిదో రోజున, నలభయ్యో రోజున వాళ్ళిలా గోధుమలు వండుతారట. అన్నిటికంటే ముందు అవి మూడు చెంచాలు తినాలట. నలభయ్యో రోజుతో ఆత్మ ఈ చోటు వదిలి వెళ్ళిపోతుంది. సొంతవాళ్ళు ఒక్కరైనా తిని సాగనంపకపోతే ఎలాగని ఆవిడ బాధ. పోయినవాళ్ళ పేరు మీద పెట్టిన తిండికి థాంక్స్ చెప్పకూడదు. ఏదైనా తీపి వస్తే పిల్లలకి పంచాలి, వాళ్ళు తింటే పోయినవాళ్ళని తలుచుకున్నట్టు. "మీ లడ్లు ఇరవై మంది పిల్లలు తిన్నారు" అంది.

మామ్మగారు నా చెయ్యి పట్టుకుని లేవదీసింది. పాపని ఆయన చేతికిచ్చి పక్కింటికి నడిచాను. గుమ్మంలో ఆవిడ వంగి, ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చుని, నా పాదాలకి ఉన్ని చెప్పులు తానే తొడిగింది. "కోల్డ్" అంది. పచ్చి బాలింతని కదా.

వంటింటి తలుపు తెరిచింది. మూలనున్న పటం కింద, దీపం పక్కన, మా అక్క. ఫ్రేమ్ కట్టిస్తానని ఆయన తీసుకెళ్ళిన ఫోటో. దాని ముందు గ్లాసు నిండా నీళ్ళు, గ్లాసు మీద నల్ల రొట్టె ముక్క. రొట్టె ఎండి, అంచులు పైకి లేచి, చెక్క ముక్కలా ఉంది. నేను ముందుగదిలో జామ్ తింటూ అలిగి కూర్చున్న రోజులన్నీ, పదడుగుల దూరంలో అక్కకి దీపం వెలుగుతూనే ఉంది. కొడుకులు అక్కడ తిలోదకాలిచ్చి ఉంటారు. ఇక్కడ, అక్క మొహం ఎన్నడూ చూడని మనిషి, ఉత్తరాల్లో గోదావరి మనిషి అనిపించుకున్న మనిషి, రోజూ నూనె పోసింది.

"పేరు పంపిస్తానని పంపకుండా పోయావేంటే" అన్నాను ఫోటోతో. గట్టిగానే అన్నాను, కోపంగానే. తర్వాత ఏడుపొచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. పాపకి ఆకలేసి ఏడుస్తుంటే ఆయన ఎత్తుకుని అక్కడికే తీసుకొచ్చారు. వాళ్ళందరి ముందూ పాప చెవిలో అక్క పేరు మూడుసార్లు చెప్పాను. ఫారం మీద కూడా మర్నాడు అదే రాశారు.

కూతురు గిన్నె తెచ్చిచ్చింది. మామ్మగారు నిలబడింది, కూతురు నిలబడింది, ఆయన పాపతో నిలబడ్డారు. నేను మూడు చెంచాలు తిన్నాను. చల్లారిపోయాయి గోధుమలు. మూడోది మింగి, అలవాటుగా నోరు తెరిచాను. మామ్మగారి చెయ్యి అప్పటికే లేచింది, నా నోటికి అడ్డం పెట్టడానికి. నేను ఏమీ అనకుండా నోరు మూసుకున్నాను. ఆవిడ ఆ ఎత్తిన చేతిని నా తల మీద ఉంచింది.